భూగోళం మీద ఖిబ్లా: దర్శి నుండి మక్కా దిశ – ఒక చారిత్రక పరిశీలన

దర్శి పట్టణానికి కొద్ది మైళ్ళ దూరంలో, ప్రత్తి, మిరప చేల నడుమ ఉన్న ఒక పల్లెలో, కొన్ని సంవత్సరాల క్రితం పాత మసీదును విస్తరించాలని జమాతువారు తలపెట్టారు. గ్రామంలోని ముస్లిం కుటుంబాలలో ఎక్కువ భాగం దూదేకులవారే. తెలుగే వారి ఇంటి భాష. పునాదికి ముగ్గు పోసే రోజున దిశ విషయంలో పేచీ వచ్చింది. పాత మసీదు సరిగ్గా పడమటి ముఖంగా ఉంది. రిటైరయిన ఒక బడి పంతులు గోడపటం మీద స్కేలు పెట్టి, దర్శి నుండి మక్కాకు గీత గీచి, ఖిబ్లా పడమరకు 8 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నదని చెప్పారు. దమ్మాం నుండి సెలవు మీద వచ్చిన ఒక యువకుడు తన ఫోనులో కంప్యూటర్ భూగోళాన్ని తెరచి, అది దాదాపు 15 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నదని చూపించాడు. ముగ్గు డబ్బా అక్కడే ఆగిపోయింది.

అరబీ, ఉర్దూ గ్రంథాలను తెలుగులోకి అనువదించే పని నాది కావడం వలన నన్ను కబురు పెట్టి పిలిపించారు. నేను వెళ్ళి కూర్చోగానే ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఇది: “మౌల్వీసాబ్, ఏ గీత సరైనదో తరువాత చెబుదురుగాని. మా నాయన యాభై ఏళ్ళు ఈ గోడకే ముఖం పెట్టి నమాజు చేసి పోయాడు. ఆయన నమాజులన్నీ ఏమయినట్టు?”

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. దిశ ఏది అన్నది భూగోళ శాస్త్రానికి సంబంధించినది. దిశ తప్పితే నమాజు ఏమవుతుంది అన్నది ధర్మశాస్త్రానికి సంబంధించినది. ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేయడం వలననే అనేక చోట్ల తగాదాలు పుట్టాయి. కనుక వాటిని విడివిడిగా పరిశీలించడం మంచిది.

మూడు గీతలు

దర్శి సుమారు 15.77 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.68 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. కాబా గృహం 21.42 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 39.83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉన్నది. అనగా మక్కా మనకు దాదాపు 40 డిగ్రీలు పడమరగా, ఐదున్నర డిగ్రీలకు పైగా ఉత్తరంగా ఉన్నదన్నమాట. ఈ రెండు అంకెలను బల్లపరుపు కాగితం మీద పరచి గీత గీస్తే, పంతులుగారు చెప్పినట్లు పడమరకు 8 డిగ్రీలు ఉత్తరంగానే వస్తుంది. ఆయన లెక్కలో పొరపాటు లేదు. పొరపాటు కాగితంలో ఉన్నది. భూమి గుండ్రనిది. గుండ్రని దానిని బల్లపరుపుగా పరచినప్పుడు దూరాలో, దిశలో, వైశాల్యాలో ఏదో ఒకటి చెడక తప్పదు. 1569లో మెర్కేటర్ తయారుచేసిన పటం నావికుల సౌకర్యం కోసం ఉద్దేశించినది. దిక్సూచిని ఒకే కోణంలో నిలిపి ఓడ నడపడానికి అది ఎంతో ఉపయోగపడుతుంది. కాని దాని మీద నిటారుగా కనిపించే గీత భూమి మీద అతి దగ్గర దారి కాదు.

బడిలో ఉండే బంతివంటి గ్లోబు మీద దర్శి దగ్గర ఒక దారం కొసను అదిమిపట్టి, రెండవ కొసను మక్కా మీదికి బిగుతుగా లాగితే అసలు దిశ బయటపడుతుంది. ఆ దారం దర్శి నుండి పడమరకు సుమారు 15 డిగ్రీలు ఉత్తరంగా బయలుదేరుతుంది. శ్రీశైలం వైపు నల్లమల అడవుల మీదుగా, రాయచూరుకు ఉత్తరంగా, ఆదిల్‌షాహీల బీజాపూరుకు కాస్త దక్షిణంగా సాగి, రత్నగిరికి ఉత్తరాన సముద్రంలో దిగుతుంది. ఒమాన్‌లోని దుక్మ్ రేవు ప్రాంతంలో గట్టెక్కి, రుబ్ అల్ ఖాలీ ఎడారి మీదుగా మక్కా చేరుతుంది. మొత్తం దూరం సుమారు 4,240 కిలోమీటర్లు. యువకుని ఫోను చూపినది ఈ దారాన్నే.

మరి సరిగ్గా పడమరకు తిరిగి నిలబడి, ఆ సూటిలోనే దారం లాగితే ఏమవుతుంది? మక్కా రేఖాంశం చేరేసరికి అది మక్కాకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు దక్షిణంగా, ఇథియోపియా కొండలలో ఉంటుంది. అదే పూర్వపు హబషా. తొలి ముహాజిర్లకు ఆశ్రయమిచ్చిన నజాషీ రాజు నేల మనకు గౌరవపాత్రమే గాని, మన ఖిబ్లా మాత్రం అది కాదు.

గణితవేత్తల కృషి

ఈ సమస్య కంప్యూటర్‌తో పుట్టినది కాదు. దివ్య ఖురాన్‌లో బఖరా సూరా 144వ వాక్యం, విశ్వాసులు ఎక్కడ ఉన్నా మస్జిదె హరాం వైపు ముఖం త్రిప్పవలెనని ఆదేశించింది. ఇస్లాం అండలూసియా నుండి సింధు వరకు వ్యాపించిన తరువాత, “ఎక్కడ ఉన్నా” అనే మాట ఒక గణిత సమస్యగా మారింది. ఆ సమస్యను పరిష్కరించాలంటే భూమి ఎంత పెద్దదో తెలియాలి, ప్రతి నగరపు అక్షాంశ రేఖాంశాలు తెలియాలి, గోళం మీద త్రిభుజాలను లెక్కకట్టే విద్య తెలియాలి.

ఖలీఫా మామూన్ (813–833) కాలంలో సింజార్ మైదానంలో భూమి చుట్టుకొలత తెలుసుకోవడానికి ఒక డిగ్రీ పొడవును కొలిపించారు. అబూ రైహాన్ అల్ బీరూనీ 1025లో (హిజ్రీ 416) పూర్తి చేసిన ‘తహ్దీద్’ గ్రంథంలో ప్రధానమైన లక్ష్యం గజనీ నగరపు స్థానాన్ని, అక్కడి నుండి ఖిబ్లాను నిర్ణయించడమే. నేటి పాకిస్తాన్‌లోని నందనా కోట వద్ద కొండ మీద నుండి దిక్చక్రం ఎంత క్రిందికి వంగి కనిపిస్తుందో కొలిచి, భూమి వ్యాసార్థాన్ని రాబట్టినవాడు కూడా ఆయనే. 14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని అల్ ఖలీలీ, అక్షాంశ రేఖాంశాల ప్రతి డిగ్రీకి ఖిబ్లా ఎంతో చూపే పట్టికలు తయారుచేశాడు. తన ఊరి అంకెలు తెలిసిన మనిషి ఆ పట్టిక తెరచి చూసుకుంటే చాలు.

అనువాదకునిగా నాకు ఈ చరిత్రలో ఆశ్చర్యం కలిగించేవి మాటలు. ఈ లెక్కకు ఆధారమైన ‘జ్యా’ అనే భావం ఆర్యభటాది భారతీయ జ్యోతిష గ్రంథాలలోనిది. అది ‘జీవా’ రూపంలో అరబీలోకి వెళ్ళి ‘జీబ’ అయింది. అరబీ లిపిలో హ్రస్వ అచ్చులు వ్రాయరు గనుక, దానిని ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే వస్త్రపు ఛాతీ మడత. లాటిన్ అనువాదకులు దానిని అదే అర్థంలో ‘సైనస్’ అన్నారు. బడిలో మన పిల్లలు చదివే ‘సైన్’ అదే. మన చొక్కాకు కుట్టించుకునే ‘జేబు’ కూడా ఆ జైబే. అలాగే దిశకు అరబీలో ‘సమ్త్’ అని పేరు. దాని బహువచనం ‘సుమూత్’ నుండి ఐరోపావారి ‘అజిముత్’ పుట్టింది. హిందూ దేశపు జ్యా, అరబ్బుల సమ్త్ కలిస్తేనే దర్శిలోని మసీదుకు దిశ తేలుతుంది. విద్యకు ఎల్లలు లేవని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

కేవలం లెక్కలతో ఆగక, చేతితో త్రిప్పి చూసే సాధనాలు కూడా మనవారు తయారుచేశారు. మొగలుల కాలంలో లాహోరులోని ఉస్తాద్ అల్లాహ్‌దాద్ వంశస్థులు అతుకులేని ఇత్తడి ఖగోళాలు పోతపోశారు. 1989లో విద్వాంసుల దృష్టికి వచ్చిన ఒక ఇరానీ ఇత్తడి పలక మరీ విశేషమైనది. సఫవీల కాలానికి చెందిన ఆ పలక నడుమ మక్కా ఉంటుంది. చుట్టూ నగరాలు గుర్తించబడి ఉంటాయి. నడుమ తిరిగే ముల్లును మన ఊరి గుర్తు మీదికి తెస్తే అంచున దిశ, ముల్లు మీద దూరం తెలుస్తాయి. ఈనాడు ఫోనులో వ్రేలితో చేస్తున్న పని ఇదే.

కంప్యూటర్ భూగోళం

1998 జనవరిలో అమెరికా ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ లాస్ ఏంజిలెస్‌లో ఒక ఉపన్యాసం చేస్తూ, కంప్యూటర్‌లో భూమినంతా త్రిప్పి చూసి, కావలసిన చోటికి దిగగల గోళాన్ని ఊహించి చెప్పాడు. 2001లో కీహోల్ అనే సంస్థ అటువంటి దానిని విడుదల చేసింది. 2004లో గూగుల్ ఆ సంస్థను కొనివేసి, 2005 జూన్‌లో ‘గూగుల్ ఎర్త్’ పేరుతో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది.

దానిలో కిటుకు ఏమంటే, భూమి చిత్రం మొత్తం మన యంత్రంలోకి రాదు. ఉపగ్రహాలు, విమానాలు తీసిన చిత్రాలను చిన్న చిన్న చదరాలుగా కోసి, స్థూలం నుండి సూక్ష్మం వరకు అంతస్తులుగా పేర్చి దూరాన భద్రపరుస్తారు. మనం ఎంత ఎత్తు నుండి ఏ చోటు చూస్తున్నామో, అంతవరకు కావలసిన చదరాలు మాత్రమే వచ్చి గోళానికి అతుక్కుంటాయి. చాలామంది భావిస్తున్నట్లు అది ఈ క్షణంలో జరుగుతున్నది చూపదు. ఆ చిత్రం కొన్ని నెలల క్రిందటిదో, కొన్ని సంవత్సరాల క్రిందటిదో అయి ఉంటుంది.

మన తెలుగు నేలకు ఈ చరిత్రలో స్థానమున్నది. 2005 అక్టోబరులో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో పోలీసు అధికారుల సమావేశంలో మాట్లాడుతూ, ఇటువంటి చిత్రాలు అందరికీ అందడం వలన దేశ రక్షణకు కలుగగల ప్రమాదం గూర్చి హెచ్చరించారు. అదే సంవత్సరం మే 5న శ్రీహరికోట నుండి ప్రయోగించిన కార్టోశాట్-1 వంటి స్వదేశీ ఉపగ్రహాల చిత్రాలతో, హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రం ఒక భారతీయ గోళాన్ని తయారుచేసింది. ‘భువన్’ పేరుతో అది 2009 ఆగస్టులో ప్రారంభమైంది. ఒకే విద్యను గూర్చి భయమూ, దానిని మనమే నేర్వవలెనన్న పట్టుదలా రెండూ హైదరాబాదులో వినిపించాయి.

జనం దానిని ఎలా వాడుకుంటున్నారు?

గోళాన్ని తెరచిన మనిషి మొట్టమొదట వెదికేది తన ఇంటినే అన్నది నేను పదే పదే గమనించిన విషయం. ప్రపంచమంతా అతని అరచేతిలో ఉన్నా, అతనికి కావలసినది తన ఊరి చెరువు, తన వీధి మలుపు, తన ఇంటి కప్పు. దమ్మాం యువకుడు నాతో చెప్పినది కూడా ఇదే. డ్యూటీ దిగిన తరువాత గదిలో పడుకొని, సాగర్ కుడికాలువ శాఖ వెంట వ్రేలు పోనిచ్చి తన చేను చేరుకునేవాడట. పాత సంవత్సరాల చిత్రాలను కూడా చూసే వీలు 2009 నుండి ఉన్నది. కూలిన పెంకుటిల్లు ఆ పాత చిత్రంలో ఇంకా నిలిచే ఉన్నదని అతడు తన తల్లికి చూపితే, ఆమె ఫోను చాలాసేపు తిరిగి ఇవ్వలేదట.

ఖండ్వా పట్టణపు షేరూ కథ లోకమెరిగినదే. 1986లో ఐదేళ్ళ వయసులో బుర్హాన్‌పూర్ వద్ద రైలెక్కి కలకత్తా చేరి తప్పిపోయిన ఆ పిల్లవాడిని ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దంపతులు పెంచుకున్నారు. పెద్దవాడై, కలకత్తా నుండి వెళ్ళే రైలు పట్టాల వెంట గూగుల్ గోళం మీద రాత్రులు రాత్రులు వెదికి, జ్ఞాపకమున్న నీటి ట్యాంకును గుర్తించి, 2012లో తన తల్లిని చేరుకున్నాడు.

ఇక సమాజపరమైన ఉపయోగాలున్నాయి. హజ్ యాత్రకు పోయేవారు ముందుగానే మినా, అరఫాత్, ముజ్దలిఫాల మధ్య దారి చూసుకుంటున్నారు. శ్మశానాల హద్దులు, వక్ఫ్ భూముల సరిహద్దులు పోల్చుకుంటున్నారు. 2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల వివరాలతోపాటు వాటి భౌగోళిక స్థానాన్ని కూడా నమోదు చేయవలెనని నిర్దేశించిన తరువాత, ఈ విద్య మన మసీదు కమిటీలకు కాలక్షేపం కాదు, అవసరం అయింది.

వీటన్నిటిలో సున్నితమైనది ఖిబ్లా. 2017లో గూగుల్ ప్రత్యేకంగా ఖిబ్లా చూపే సదుపాయం కూడా కల్పించింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫోనులోని దిక్సూచి ఇనుప చువ్వల కాంక్రీటు దగ్గర, మోటారు బండ్ల దగ్గర పెడదారి పడుతుంది. దానిని నమ్మడం కంటే, గోళం మీద తన మసీదు నుండి కాబా వరకు కొలత గీత గీచి, మళ్ళీ మసీదు దగ్గరికి దిగి, ఆ గీత పైకప్పును, ప్రహరీని ఏ కోణంలో దాటుతున్నదో చూడడం మేలైన పద్ధతి. గోడ కదలదు, ముల్లు కదులుతుంది.

ఇతర దేశాల అనుభవం

ఇటువంటి వివాదం మన పల్లెకే పరిమితం కాదు. అమెరికాకు వెళ్ళిన మన తెలుగు ముస్లిములు అక్కడి మసీదులు ఈశాన్యం వైపు ఉండడం చూసి మొదట విస్తుపోతారు. పటంలో మక్కా ఆగ్నేయంగా కదా కనిపిస్తుంది! కాని వాషింగ్టన్‌లో 1957లో ప్రారంభమైన ఇస్లామిక్ సెంటర్ కూడా తూర్పుకు ఉత్తరంగానే తిరిగి ఉన్నది. బంతి మీద దారం లాగితే సందేహం తీరుతుంది.

ఇండోనేషియా ఉలమా మండలి 2010 మార్చిలో తమ దేశానికి ఖిబ్లా పడమర అని ఫత్వా ఇచ్చి, అదే సంవత్సరం జూలైలో దానిని వాయవ్యంగా సవరించింది. మసీదులను కూల్చనవసరం లేదు, వరుసలు సర్దుకుంటే చాలునని స్పష్టం చేసింది. 2009లో సాక్షాత్తు మక్కా నగరంలోనే సుమారు 200 పాత మసీదుల దిశ కచ్చితంగా కాబాకు లేదని సౌదీ పత్రికలు వ్రాశాయి. కొత్తగా లేచిన ఎత్తయిన భవనాల పై నుండి చూసినవారికి ఆ తేడా తెలిసింది. అక్కడ చేసిన నమాజులు చెల్లుతాయనే అధికారులు చెప్పారు. 2007లో మలేషియా వ్యోమగామి షేక్ ముజఫ్ఫర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడు, ఆ దేశపు ఉలమా ఇచ్చిన మార్గదర్శకం ఇంకా గమనార్హం: వీలైతే కాబా వైపు, కాకుంటే భూమి వైపు, అదీ కాకుంటే వీలైన వైపు.

పెద్దాయన ప్రశ్నకు సమాధానం

ధర్మశాస్త్రవేత్తలు కాబా కనుల ఎదుట ఉన్నవారికి ఒక నియమం, దూరాన ఉన్నవారికి వేరొక నియమం చెప్పారు. ఎదుట ఉన్నవాడు ‘ఐన్’ వైపు, అనగా కాబా గృహానికే సూటిగా తిరగాలి. దూరాన ఉన్నవానికి ‘జిహత్’, అనగా ఆ దిక్కు చాలునని హనఫీ పండితులు నిర్ణయించారు. సూటి గీతకు ఇటు 45 డిగ్రీలు, అటు 45 డిగ్రీల లోపల ఉన్నంతవరకు నమాజు చెల్లుతుంది. తిర్మిజీ సంకలనంలోని ఒక హదీసు ఇదే సౌలభ్యాన్ని సూచిస్తుంది. మక్కా దక్షిణాన ఉన్న మదీనావాసులకు, తూర్పు పడమరల మధ్యనున్నదంతా ఖిబ్లా దిక్కేనన్నది దాని భావం. మన పల్లె మసీదుకు వచ్చిన తేడా 15 డిగ్రీలు మాత్రమే.

కాని పెద్దాయనకు కావలసినది డిగ్రీల లెక్క కాదు. ఆయనకు నేను చెప్పినది హిజ్రత్ తరువాత రెండవ సంవత్సరపు సంఘటన. అంతవరకు మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం), ఆయన సహచరులు బైతుల్ మఖ్దిస్ వైపు, అనగా ఉత్తరానికి తిరిగి నమాజు చేసేవారు. కాబా వైపు తిరగవలెనన్న ఆదేశం వచ్చిన వార్త ఖుబాలో ఫజర్ నమాజులో ఉన్నవారికి అందగానే, వారు నమాజులోనే దక్షిణానికి తిరిగారు. అది 15 డిగ్రీల మార్పు కాదు. దాదాపు పూర్తిగా వెనుదిరగడం. అప్పుడు సహచరుల మనసులలో పుట్టిన ప్రశ్న కూడా ఇదే: పాత ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేసి కన్నుమూసిన మన సోదరుల మాటేమిటి? అల్లాహ్ మీ విశ్వాసాన్ని వృథా చేసేవాడు కాడన్న అభయం బఖరా సూరా 143వ వాక్యంలో ఈ సందర్భంగానే వచ్చిందని వ్యాఖ్యాతలు తెలిపారు.

పెద్దాయన కొంతసేపు మౌనంగా కూర్చొని, “అయితే మా నాయన సంగతి అప్పుడే తేలిపోయిందన్నమాట” అన్నారు.

ఎండ చెప్పిన సాక్ష్యం

అయినా ఫోను మాట నమ్మడానికి కొందరు సంకోచించారు. దానికి ఫోను అక్కరలేని పరీక్ష ఒకటున్నది. ఏటా మే 27 లేక 28న, జూలై 15 లేక 16న మక్కాలో మధ్యాహ్నం వేళ సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తిన ఉంటాడు. మన గడియారం ప్రకారం మేలో అది మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు, జూలైలో 2 గంటల 57 నిమిషాలు. ఆ క్షణంలో సూర్యుడున్న వైపే ఖిబ్లా. జూలైలో మబ్బు అడ్డు రావచ్చు. మే నెలలో దర్శి ఎండకు కొదువ లేదు.

ఆ సంవత్సరం మే 28న, మిరపకాయలు ఎత్తివేసిన కల్లంలో మీటరు పొడవు కర్రను తూకపుగుండుతో నిటారుగా పాతాము. సరిగ్గా ఆ నిమిషానికి పంతులుగారే సుద్దతో నీడ గీత గీశారు. నీడ పొడవు లెక్క ప్రకారం 78 సెంటీమీటర్లు రావాలి. దాదాపు అంతే వచ్చింది. నీడ కొస నుండి కర్ర వైపు చూస్తే ఖిబ్లా. ఆ గీత యువకుని గోళం మీది గీతతో కలిసింది. పంతులుగారు తన గోడపటాన్ని చుట్టిపెట్టి, పిల్లలకు చూపడానికి గుండ్రని గ్లోబు ఒకటి కొనిపెట్టమని జమాతువారిని అడిగారు.

కొత్త కట్టడానికి సరైన దిశలో ముగ్గు పోశారు. పాత మసీదును కదపలేదు. లోపల వరుసల గీతలు మాత్రం మార్చారు. పది మీటర్ల వరుసకు కుడి కొస ఎడమ కొస కంటే సుమారు రెండున్నర మీటర్లు వెనుకకు వచ్చింది. తాడు ఒక కొసను పెద్దాయనే పట్టుకున్నారు.

పునాది వేయబోయే ప్రతి జమాతు ముందుగా గోళం మీద, ఆ తరువాత మే నెల ఎండలో దిశను సరిచూసుకోవాలి. సాధనం అందుబాటులో ఉండి కూడా తెలుసుకోకపోవడం నిర్లక్ష్యం అవుతుంది. అయితే ఆ సాధనం చేతికి వచ్చినంత మాత్రాన, సూర్యుని అస్తమయమే ఆధారంగా గోడ లేపిన మన పూర్వికులను అజ్ఞానులని నిందించడం తగదు. వారు తమకు తెలిసినంతలో ముఖం త్రిప్పారు. మనకు తెలిసినంతలో మనం త్రిప్పుదాం. వల్లాహు ఆలం.